నేను కలిపిన పదం

మహబూబాబాద్‌లో నేను పీజీ విద్యార్థులకు భౌతికశాస్త్రం చెప్పిన రోజుల్లో ఒక మధ్యాహ్నం, స్టాఫ్ రూములో, ఒక విద్యార్థిని నా ముందు రెండు కాగితాలు పెట్టి నా పరిశోధనలో తప్పుందని చెప్పింది. ఆమె చెప్పింది నిజం. అది నిజమని నాకు అక్కడే, ఆ కాగితాలు చూస్తుండగానే తెలిసిపోయింది. తెలిసి కూడా ఆమెను నలుగురి ముందు చిన్నబుచ్చి పంపాను. చాలా ఏళ్లు ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా రెండుసార్లు లేచి వెళ్లి నీళ్లు తాగి వచ్చాను.

మాది దేవరుప్పుల మండలంలో ఒక చిన్న ఊరు. హైదరాబాద్‌కు ఎమ్మెస్సీ చదవడానికి పోయినప్పుడు హాస్టల్లో కోస్తా నుంచి వచ్చిన కుర్రాళ్లు నా మాటకు నవ్వేవారు. నేను "ఏంది" అన్నా, "గిట్ల" అన్నా సినిమాల్లో హాస్యగాళ్ల గొంతుతో తిరిగి అనేవారు. రెండేళ్లలో నా నోట్లోంచి ఆ మాటలన్నీ పోయాయి. జనగామలో లెక్చరర్ ఉద్యోగం వచ్చేనాటికి నేను పాఠ్యపుస్తకంలా మాట్లాడుతున్నాను. ఇంటికి పోతే మా అవ్వ నన్ను ఊరికి కొత్తగా వచ్చిన బ్యాంకు మేనేజర్‌ను చూసినట్టు చూసేది.

ఉద్యోగం చేస్తూనే పీహెచ్‌డీకి చేరాను. అంశం క్వార్కుల నిర్బంధం. ప్రోటాన్, న్యూట్రాన్ లాంటి కణాల లోపల క్వార్కులనే ఇంకా చిన్న కణాలుంటాయి. వాటిని కలిపి ఉంచేది బలమైన కేంద్రక బలం. అయస్కాంతాన్ని మేకు నుంచి దూరంగా జరిపితే లాగడం తగ్గిపోతుంది. క్వార్కుల మధ్య అలా కాదు. ఎంత దూరం లాగినా వాటి మధ్య బలం సడలదు, లాగడానికి పట్టే శక్తి మాత్రం పెరుగుతూ పోతుంది. చివరికి ఆ శక్తి నుంచే కొత్తగా ఒక క్వార్కు, దాని ప్రతిక్వార్కు పుట్టి, విడిపోబోతున్న రెండింటికీ చెరో జోడీ అవుతాయి. ఒంటరి క్వార్కును ఇప్పటిదాకా ఎవరూ చూడలేదు. ఇలా ఎందుకు జరుగుతుందో మూల సిద్ధాంతం నుంచి పూర్తిగా నిరూపించినవారూ ఇంకా లేరు. అందుకే రకరకాల నమూనాలు పుట్టాయి. కొందరు క్వార్కులను ఒక సంచిలో వేసి మూతి కట్టినట్టు ఊహించి లెక్క వేస్తారు. కొందరు స్థలాన్నీ కాలాన్నీ గళ్లుగా విడగొట్టి పెద్ద పెద్ద కంప్యూటర్ల మీద లెక్కిస్తారు.

నాకు అందుబాటులో ఉన్నది అన్నిటికన్నా సులువైన నమూనా. బరువైన ఒక క్వార్కు, దాని ప్రతిక్వార్కు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతున్నాయనుకోవాలి. వాటి మధ్య శక్తి దూరంతో పాటు సరళరేఖలా పెరుగుతుందని రాసుకోవాలి. ఆ జంట ఏయే శక్తిస్థాయిల్లో ఉండగలదో లెక్కగట్టి, ప్రయోగశాలల్లో కొలిచిన విలువలతో పోల్చాలి. దానికి మామూలు కంప్యూటర్ చాలు.

నా లెక్కలో, తిరుగుడు లేని స్థాయిలు ప్రయోగాలతో చక్కగా కలిశాయి. తిరుగుడు ఉన్న స్థాయిలు మాత్రం ఉండాల్సిన దానికన్నా కిందికి వచ్చాయి. నెలల తరబడి ఎక్కడ తప్పుందో వెతికాను. దొరకలేదు. దొరకకపోయేసరికి సమీకరణంలో నేనే ఒక కొత్త పదం కలిపాను. దానిలోని ఒక అంకెను అటూ ఇటూ జరుపుతూ పోతే స్థాయిలన్నీ వచ్చి సరిగ్గా కూర్చున్నాయి. తర్వాత దానికి కారణం అల్లాను. క్వార్కుల మధ్య బిగిసిన బలపు తీగ కూడా వాటితో పాటు తిరుగుతుంది, ఆ తిరుగుడుకు అదనపు శక్తి కావాలి అని రాశాను. నిజానికి తిరిగే తీగకు బరువుంటే తిరుగుడు శక్తి తగ్గాలి గాని పెరగకూడదు. ఆ సందేహం నాకు అప్పుడే వచ్చింది. దాని గురించి ఎవరూ అడగలేదు, నేనూ పక్కన పెట్టాను.

మా గైడ్‌కు ఆ పదమే బాగా నచ్చింది. పేపర్‌లో కొత్తదనం అదే అన్నారు. ఒక పత్రికలో అచ్చయింది. డాక్టరేట్ వచ్చింది. జనగామలో శాలువా కప్పారు. దినపత్రిక జిల్లా పేజీలో నా ఫొటో వేసి, క్వార్కులు అనాల్సిన చోట క్వార్ట్జ్ అని రాశారు. ఊరికి పోతే ఒకాయన మా గుట్ట రాయి ఎంత విలువ చేస్తుందని అడిగాడు. ఆ కథ చెప్పి చాలామందిని నవ్వించాను. నా గొప్పను నేనే తక్కువ చేసుకుంటున్నట్టు కనిపిస్తూ గొప్ప చెప్పుకునే పద్ధతి అది.

తర్వాత నన్ను మహబూబాబాద్ బదిలీ చేశారు. మొదట చెప్పిన ఆ విద్యార్థిని అక్కడ ఎమ్మెస్సీ చివరి సంవత్సరంలో ఉండేది. డోర్నకల్ దగ్గర తండా నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చేది. వాళ్ల నాన్న రైల్వేలో ట్రాక్‌మన్. ఇంట్లో లంబాడీ మాట్లాడేవాళ్లు. తెలుగు ఆమెకు బడిలో, రైల్లో, బజార్లో వచ్చిన భాష. అది మా ఊరి భాషే, నేను వదిలేసినదే. క్లాసులో ముందు వరసలో కూర్చుని, అర్థం కాని చోట చెయ్యెత్తకుండానే లేచి నిలబడేది.

ప్రాజెక్టుగా నా పేపర్‌లోని పట్టికనే మళ్లీ లెక్కగట్టమని ఆమెకు ఇచ్చాను. అందరికీ నా పనే ఇచ్చేవాణ్ణి. నాకు సులువు, పైగా నా పేపర్‌ను చూపించుకున్నట్టూ ఉంటుంది. ఆమె నెల తిరగకముందే వచ్చి తిరుగుడు ఉన్న స్థాయిలు కలవడం లేదంది. కొలమానాలు సరిచూసుకోమన్నాను. మళ్లీ వచ్చింది. కంప్యూటర్ లెక్కలో దూరాన్ని విడగొట్టే అంగలు ఇంకా చిన్నవి చేయమన్నాను. వారం రోజులు ల్యాబ్‌లో కూర్చుని అదీ చేసింది. మూడోసారి ఆ మధ్యాహ్నం వచ్చింది.

అప్పుడు స్టాఫ్ రూములో నాతో పాటు ఇద్దరు సహోద్యోగులున్నారు. ఒకాయన రసాయనశాస్త్రం చెప్పే పెద్దాయన, ఒకావిడ గణితం చెప్పేవారు. టిఫిన్ డబ్బాలు ఇంకా మూయలేదు. ఆమె రెండు కాగితాలు పక్కపక్కన పెట్టింది. ఒకదాని మీద నా పట్టికలోని అంకెలున్నాయి. రెండో దాని మీద వేరే అంకెలున్నాయి.

"సార్, మీ టేబుల్ల ఉన్న అంకెలు నాకు వస్తున్నయి," అంది. "కాని గీడ తప్పు రాస్తెనే వస్తున్నయి. తప్పు రాయకుంటె మీరు కలిపిన పదం అక్కరనే లేదు సార్."

వేలు పెట్టి చూపించింది. సమాన బరువున్న రెండు కణాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరుగుతుంటే, ఆ లెక్కను ఒకే కణం లెక్కగా మార్చుకుంటాం. అప్పుడు బరువును సగం చేసి రాయాలి. ఇది డిగ్రీ పిల్లలకు చెప్పే సంగతి. నేను సమీకరణంలో ఒక చోట సగం చేశాను. తిరుగుడును లెక్కించే చోట సగం చేయడం మరిచిపోయాను. దాంతో తిరుగుడు శక్తి ఉండాల్సిన దానిలో సగమే వచ్చింది. ఆ లోటు పూడ్చడానికి నేను కలిపిందే నా కొత్త పదం. నా పేపర్‌లోని కొత్తదనమంతా నా పొరపాటును కప్పిన గుడ్డ.

ఆమె వేలు ఆగిన చోట చూడగానే నా చెవులు వేడెక్కాయి. గణితం చెప్పే ఆవిడ కుర్చీ కొంచెం ముందుకు జరిపి కాగితాల వైపు చూశారు. నేను గబగబా ఆ రెండూ మడిచి ఆమె చేతికిచ్చాను.

"ముందు తెలుగు సరిగ్గా మాట్లాడటం నేర్చుకో అమ్మా," అన్నాను. "గీడ, గాడ అంటూ క్వార్కుల గురించి చెబితే ఎవరు వింటారు? రికార్డులో నా పట్టికలో ఉన్న విలువలే రాయి."

పెద్దాయన నవ్వారు. గణితం ఆవిడా నవ్వారు. నేనూ నవ్వాను. హాస్టల్లో నన్ను చూసి నవ్విన నవ్వు ఎలా ఉండేదో నాకు బాగా తెలుసు. అదే నవ్వు నా నోట్లోంచి వచ్చింది. ఆ అమ్మాయి కాగితాలు పుస్తకంలో పెట్టుకుని, "సరే సార్" అని వెళ్లిపోయింది.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి ప్రోగ్రామ్ తెరిచి చూస్తే పది నిమిషాల పని. నేను తెరవలేదు. తెరిస్తే తెలుస్తుంది, తెరవనంత కాలం నాకు కచ్చితంగా తెలియదని చెప్పుకోవచ్చు. అలా చాలా ఏళ్లు నాకు నేను చెప్పుకున్నాను.

ఆమె రికార్డులో నా విలువలు రాయలేదు. తన విలువలే రాసి బైండు చేయించింది. వైవా రోజు బయటి నుంచి వచ్చిన పరీక్షకుడు రెండు పట్టికలూ చూసి, మీ గైడ్ అచ్చువేసిన విలువలతో ఇవి ఎందుకు కలవడం లేదని అడిగారు. ఆమె నా వైపు చూసింది. నాకు ఆ చూపు అర్థమైంది. ఇప్పుడైనా మీరే చెప్పండి అని అడుగుతోంది.

"విద్యార్థి లెక్కలో ఏదో పొరపాటు జరిగి ఉంటుంది," అన్నాను నేను.

పరీక్షకుడు తలూపి మార్కులు వేసుకున్నారు. ప్రాజెక్టులో ఆమెకు మిగతా అందరికన్నా తక్కువ వచ్చాయి. బయటికి వస్తే వరండాలో వాళ్ల నాన్న నిలబడి ఉన్నాడు. డ్యూటీ నుంచి అటే వచ్చినట్టున్నాడు, ఒంటి మీద నారింజ రంగు కోటు ఇంకా ఉంది. నాకు రెండు చేతులూ జోడించాడు.

"మీ అసొంటి సారు దొరకుడు మా బిడ్డ అదృష్టం సార్," అన్నాడు. "ఇంట్ల రోజు మీ ముచ్చటనే చెప్తది."

నేను ఏదో అని తప్పించుకున్నాను. స్టాఫ్ రూములో జరిగింది ఆమె ఇంట్లో చెప్పలేదన్న మాట. ఆ సంగతి నాకు ఊరటనిచ్చింది. సిగ్గు తర్వాత వచ్చింది, ముందు వచ్చింది ఊరటే.

పీహెచ్‌డీ చేయాలని ఆమెకు ఎంత ఆశ ఉండేదో క్లాసంతటికీ తెలుసు. దరఖాస్తుకు గైడ్ ఉత్తరం కావాలి. ఆమె నన్ను అడగలేదు, నేను పిలిచి ఇవ్వలేదు. భూపాలపల్లి వైపు టీచర్ ఉద్యోగం వచ్చిందని తర్వాత ఎవరో చెప్పారు.

నేను తిరిగి జనగామ వచ్చాను. ఆరేళ్లు గడిచాయి. ఒక వేసవి సెలవుల్లో, వేరే రాష్ట్రం నుంచి ఒక పరిశోధక విద్యార్థి నాకు మెయిల్ రాశాడు. నా పేపర్‌లోని ఆ పదం తనకు చాలా ఆసక్తి కలిగించిందని, దాన్ని ఆధారం చేసుకుని తన సిద్ధాంత వ్యాసం రాయాలనుకుంటున్నానని, వివరాలు పంపమని అడిగాడు. ఎంతో మర్యాదగా రాశాడు. ఆ మెయిల్ నాలుగు రోజులు అలాగే ఉంచాను. నేను ఊరుకుంటే ఆ పిల్లవాడు మూడేళ్లో నాలుగేళ్లో నా మతిమరుపు మీద ఇల్లు కట్టుకుంటాడు.

ఐదో రోజు మధ్యాహ్నం పాత ప్రోగ్రామ్ తెరిచాను. ఆమె వేలు పెట్టిన వరస దగ్గరికి నేరుగా వెళ్లాను, వెతకాల్సిన పని లేకపోయింది. సగం చేశాను. నా పదాన్ని తీసేశాను. నడిపిస్తే స్థాయిలన్నీ ప్రయోగ విలువలకు దగ్గరగా వచ్చి నిలబడ్డాయి. అవి ఆమె రెండో కాగితం మీది అంకెలే. 

నా భార్య ఏఎన్ఎం. డ్యూటీ నుంచి వచ్చి, మొహం అలా ఉందేమిటని అడిగింది. మొత్తం చెప్పాను. పేపర్ పోతుందని, పేరు పోతుందని, పదోన్నతికి దాన్నే చూపించానని చెప్పుకుంటూ పోయాను. ఆమె చెప్పులు కూడా విడవకుండా విన్నది.

"గా పిల్లకు చెప్పినవా?" అని అడిగింది.

లేదన్నాను. ముందు పత్రికకు రాసి, ఆ తర్వాత చూస్తానన్నాను.

"ముందుగాల గా పిల్లకు చెప్పు," అని లోపలికి వెళ్లిపోయింది.  మా ఇంట్లో ఆమె భాష ఎప్పుడూ మారలేదు. ఆ భాషను నేను స్టాఫ్ రూములో ఏమన్నానో కూడా చెప్పాను కదా, అది ఆమెకు ఎక్కడ తగిలి ఉంటుందో అప్పుడు తట్టింది.

పరిశోధక విద్యార్థికి ఆ రాత్రే జవాబు రాశాను, ఆ పదం తప్పని, దాని మీద పని చేయవద్దని. బడులు తెరిచాక, ఆ అమ్మాయి చిట్యాల దగ్గర ఒక ప్రభుత్వ బడిలో ఉందని పాత విద్యార్థుల ద్వారా తెలుసుకుని బయలుదేరాను. హనుమకొండలో బస్సు మారి, పరకాల మీదుగా వెళ్లాను. దారి పొడుగునా చేలల్లో పత్తి గింజలు పెడుతున్నారు. ఏం చెప్పాలో నాలుగు వాక్యాలు కాగితం మీద రాసుకుని, బస్సులో చదువుకుంటూ పోయాను. యాభై దగ్గర పడుతున్న మనిషిని, పరీక్షకు పోతున్నట్టు.

మధ్యాహ్న భోజనం వేళకు చేరాను. ఆమె వరండాలో పిల్లల పళ్లాలు చూస్తూ నిలబడి ఉంది. నన్ను గుర్తుపట్టి, దగ్గరికి వచ్చి నమస్తే పెట్టి, సైన్స్ గదిలోకి తీసుకెళ్లి కుర్చీ వేసింది. తను నిలబడే ఉంది. రాసుకున్న నాలుగు వాక్యాల్లో ఒక్కటీ నోటికి రాలేదు.

"నువ్ చెప్పిందే నిజం బిడ్డా," అన్నాను. "గా దినమే నాకు ఎర్కైంది. ఎర్కై కూడ నిన్ను గట్లన్న."

ఇన్నేళ్ల తర్వాత మా ఊరి మాట నా నోట్లోంచి ఎలా వచ్చిందో నాకు తెలియదు. ఆమె కిటికీలోంచి పిల్లల వైపు ఒకసారి చూసింది.

"నాక్కూడ ఎర్కైంది సార్," అంది. "మేడం చూడబోతుంటె కాయితాలు గబగబ మడిచిండ్రు. మీకు తెలిసిపోయిందని గప్పుడే అనుకున్న."

మార్కుల సంగతి, పీహెచ్‌డీ సంగతి నేనే ఎత్తాను. ఆమె వాటి గురించి ఎక్కువ మాట్లాడలేదు. మార్కులు పోతే పోయినయి అంది. తను మర్చిపోలేనిది వేరే ఉందని నెమ్మదిగా చెప్పింది. ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసులో నోరు తెరిచినప్పుడల్లా నా మాట గుర్తొచ్చేదట. "గీడ" అనబోయి ఆగి, "ఇక్కడ" అని వెతుక్కుని చెప్పేదట. ఆ వెతుకులాటలో పాఠం తప్పిపోయేదట. పిల్లలు తన మొహం వైపు చూస్తుంటే అందరూ నవ్వబోతున్నారని అనిపించేదట. అది పోవడానికి మూడేళ్లు పట్టిందంది. హాస్టల్లో నేను పడింది అదే అని చెప్పబోయాను. చెబితే జాలి అడుక్కున్నట్టుంటుందని ఊరుకున్నాను.

సవరణ రాసి పత్రికకు పంపుతున్నానని, రచయితగా ఆమె పేరు కూడా పెట్టాలనుకుంటున్నానని చెప్పాను. వద్దంటుందనుకున్నాను. ఎందుకో అలా అనుకున్నాను.

"పెట్టుండ్రి సార్. లెక్క నాదే కద," అంది.

తర్వాత మరో మాట చెప్పింది.

"గా పేపరు ఎవలు సదువుతరు సార్? గాడ నవ్వినోళ్లు సదువుతరా? ఆళ్లకు చెప్పుండ్రి. గా స్టాఫ్ రూములనే చెప్పుండ్రి."

సరేనన్నాను. బెల్ కొట్టారు. నన్ను గేటు దాకా సాగనంపి, బస్సు ఏ వేళకు వస్తుందో చెప్పి లోపలికి వెళ్లింది. పర్లేదు సార్ అనే మాట ఆమె ఎక్కడా అనలేదు. బస్‌స్టాప్‌లో కూర్చున్నాక, ఆ మాట కోసమే నేను ఎంత ఎదురుచూశానో తెలిసింది.

సవరణ ముసాయిదా రాసి ఆమెకు పంపాను. పేపర్లలో అలవాటైన ధోరణిలో, లెక్కలో ఒక చిన్న అసంగతి గమనించబడింది అని రాశాను. మర్నాడే తిరిగి పంపింది. "చిన్న" కొట్టేసింది. "గమనించబడింది" కింద గీత గీసి, ఎవరు గమనించారో, ఎప్పుడు గమనించారో రాయమని పక్కన రాసింది. రాశాను. ఆమె ఎమ్మెస్సీ విద్యార్థినిగా ఉన్నప్పుడు కనిపెట్టి చెప్పిందని, గైడ్‌గా నేను ఒప్పుకోలేదని ఆ పేజీలో ఇప్పుడుంది. నా పీహెచ్‌డీ గైడ్‌కు ఫోన్ చేసి ముందుగా చెప్పాను. ఇన్నేళ్ల తర్వాత ఎందుకు తవ్వుతున్నావన్నారు. ఆ తర్వాత నా ఫోన్ ఎత్తలేదు. నా ఉద్యోగానికి ఏమీ కాలేదు. పదోన్నతి దస్త్రంలో ఒక వివరణ చేర్చమని రాసి ఇచ్చాను, తీసుకున్నారు, అంతే. ఎవరైనా నన్ను నిలదీస్తే బాగుండునని కొన్నాళ్లు అనిపించింది.

మహబూబాబాద్ వెళ్లడానికి మాత్రం రెండు నెలలు ఆలస్యం చేశాను. ప్రతి వారం ఏదో ఒక పని దొరికేది. చివరికి వెళ్లాను. రసాయనశాస్త్రం పెద్దాయన రిటైరై అదే పట్టణంలో ఉంటున్నారు. బతిమాలి ఆ రోజు కాలేజీకి రప్పించాను. గణితం ఆవిడ అక్కడే పనిచేస్తున్నారు. ఇంకో ఐదుగురు కొత్తవాళ్లున్నారు. అదే బల్ల దగ్గర నిలబడి, ఆ మధ్యాహ్నం ఎవరు ఏం చెప్పారో, నేను ఏమన్నానో అదే మాటల్లో చెప్పాను. 

గణితం ఆవిడ తల దించుకున్నారు. ఆ కాగితం చూసినప్పుడే తనకు అనుమానం వచ్చిందని, అయినా తాను అడగకుండా నవ్వానని అన్నారు. పెద్దాయన మాత్రం అయోమయంగా చూశారు.

"గప్పుడు నవ్వినమా మనం? నాకైతె యాది లేదు," అన్నారు.

అబద్ధమాడటం లేదు, నిజంగానే ఆయనకు గుర్తులేదు. ఒక పిల్లకు మూడేళ్లు గొంతులో ఇరుక్కున్నది ఆయనకు ఆ పూట భోజనంతోనే అరిగిపోయింది. ఆ నవ్వును మొదలుపెట్టి ఆయనకు అందించింది నేను.

బయటికి వచ్చి, కాలేజీ మెట్ల మీద నిలబడి ఆమెకు ఫోన్ చేశాను. చెప్పేశానన్నాను. ఎవరెవరు ఉన్నారని అడిగింది, చెప్పాను. వెనుక పిల్లల గోల వినిపిస్తోంది.

"ఎవలన్న నవ్విండ్రా సార్?" అని అడిగింది.

"లేదు బిడ్డా. ఎవ్వరు నవ్వలె."

"మంచిది సార్. నాకు క్లాసున్నది," అని ఫోన్ పెట్టేసింది.